గొలుసు నుండి డ్రోను వరకు: గోదావరి డెల్టాలో భూమి కొలత

మేము భాషను బోధించువారము. కావున భూమి కొలతను గూర్చిన ఈ వ్యాసమును కూడ మాటలతోనే ప్రారంభింతుము. మన గ్రామములలో పొలమును గూర్చి మాట్లాడునప్పుడు, ఉర్దూ ఒక్క ముక్క రానివారు సైతము ఎన్ని అరబ్బీ, పారసీ పదములను వాడుదురో గమనింపుడు. హద్దు, రైతు, జిల్లా, తాలూకా, తహశీలుదారు, జమాబందీ, నకలు, దస్తావేజు, ఇవి యన్నియు ఆ భాషల నుండి వచ్చి తెలుగు నాలుకపై స్థిరపడిన మాటలే. భూమిని కొలుచుటకు పాత కచేరీ భాషలో పైమాషీ యని పేరు. ఆ పనికి వచ్చు ఉద్యోగి అమీను. అమీను అనగా అరబ్బీలో నమ్మదగినవాడు, పరుల సొత్తును అమానతుగా కాపాడువాడు అని అర్థము. కొలుచువానికి లెక్కల నిపుణుడని పేరు పెట్టక నమ్మదగినవాడని పేరు పెట్టిన పూర్వుల ఉద్దేశమును ఈ వ్యాసము చివరి వరకు జ్ఞప్తియందుంచుకొనవలెనని మా మనవి.

ఇప్పుడు ఆ అమీను చేతికి ఆకాశమున ఎగురు ఒక చిన్న యంత్రము వచ్చినది. దానిని డ్రోను అందురు. 2020 డిసెంబరు 21వ తేదీన నాటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలములోని తక్కెళ్ళపాడు గ్రామమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భూముల రీసర్వేను ప్రారంభించినది. నాటి నుండి మన గోదావరి జిల్లాలతో సహా రాష్ట్రమందలి వేలాది గ్రామములపై ఈ యంత్రములు ఎగిరినవి. రోడ్లు, వంతెనలు, కాలువలు, పెద్ద భవనములు నిర్మించువారు కూడ వీనిని వాడుచున్నారు. వరిచేల మీద, కొబ్బరితోటల మీద జుమ్మని తిరిగిపోవు ఈ యంత్రము ఏమి కొలుచును, ఏమి కొలువజాలదు? దాని కొలతను మనము ఎంతవరకు నమ్మవచ్చును? మన డెల్టాకు సంబంధించినంతవరకు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే మా యత్నము.

పూర్వపు కొలతలు

భూమిని కొలుచుటకు మానవుడు మొదట వాడినది త్రాడు. త్రాటికి ఒక దోషము కలదు. అది తేమకు ఒక తీరున, ఎండకు మరియొక తీరున పొట్టియు పొడుగును అగును. త్రాడు మారినచో శిస్తు మారును. అందుచేతనే అక్బరు చక్రవర్తి పాలనలో జనపనార త్రాటిని మానిపించి, ఇనుప కడియములతో కూర్చిన వెదురు కొలబద్దలను ప్రవేశపెట్టిరి. చూచుటకు చిన్న మార్పే యైనను, కొలత సాధనము వాతావరణమునకు గాని, కొలుచువాని ఇష్టమునకు గాని లొంగరాదన్న గొప్ప నియమము ఇందులో ఇమిడియున్నది.

అటుపిమ్మట ఇంగ్లీషువారి గొలుసు వచ్చినది. ఎడ్మండ్ గంటరు అను గణితవేత్త 17వ శతాబ్దిలో రూపొందించిన ఈ గొలుసు పొడవు 66 అడుగులు. దానిలో లింకులు 100. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల చదరము 10 సెంట్లు. అట్టి చదరములు పది చేరిన ఒక ఎకరము. మన రైతులు నేటికిని ఎకరములలో, సెంట్లలో మాట్లాడుట ఆ గొలుసు విడిచిపోయిన గురుతే. ఒక సెంటు 48.4 చదరపు గజములు. ఈ లెక్క తరువాత మనకు పనికివచ్చును.

గొలుసు దగ్గర పొలమును కొలుచును గాని దేశమును కొలువజాలదు. దేశమును కొలుచుటకు త్రిభుజములు కావలెను. ఒక భుజమును నేలపై జాగ్రత్తగా కొలిచి, రెండు కొనల నుండి దూరపు గుట్ట కనబడు కోణములను కొలిచినచో, మిగిలిన రెండు భుజములు లెక్కకు వచ్చును. 1802లో విలియం లాంబ్టను మద్రాసు దగ్గర పరంగికొండ సమీపమున ఒక ఆధార రేఖను కొలిచి ఈ మహాకార్యమును ప్రారంభించెను. ఆయన తరువాత దానిని నడిపిన జార్జి ఎవరెస్టు, మొదట ఆయనకు సహాయకుడుగా కృష్ణా గోదావరుల నడుమనున్న అడవులలో కొలతలు జరుపుచు తీవ్రమైన జ్వరమునకు గురియయ్యెను. ఆ సర్వేకు కావలసిన సున్నితమైన పరికరములను బాగుచేసి, తిరిగి నిర్మించినవాడు ఆర్కాటు ప్రాంతపు సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. యంత్రము ఎవరిదైనను దానిని నమ్మదగినదిగా నిలిపిన చేయి మన దేశపు పనివానిది. ఎనిమిది వందల ఏండ్లకు ముందే అల్ బిరూనీ నేటి పాకిస్తానులోని నందన కోట వద్ద ఒక కొండ ఎత్తును, అచట నుండి దిగంతము వంగి కనబడు కోణమును కొలిచి భూగోళ వ్యాసార్ధమును గణించెను. కోణము నుండి దూరమును రాబట్టు విద్య అంత పురాతనమైనది. డ్రోను విద్యయు అదియే.

డ్రోను ఎట్లు కొలుచును?

డ్రోను తనంతట తాను దేనిని కొలువదు. అది వరుసగా ఛాయాచిత్రములను తీయును. రైతు చేనును దున్నునట్లు, ఆ చివరి నుండి ఈ చివరికి, ఈ చివరి నుండి ఆ చివరికి సాలు వెంట సాలుగా ఎగురుచు, ప్రతి చిత్రమును అంతకు ముందటి చిత్రముతో నూటికి డెబ్బది, ఎనుబది వంతులు కలియునట్లు తీయును. ప్రక్క సాలులోని చిత్రములతో కూడ నూటికి అరువది వంతులకు తగ్గకుండ కలయిక ఉంచుదురు. ఈ కలయికయే దీని ప్రాణము. ఏలయనగా నేలమీది ఒక రాయి, ఒక గట్టు మలుపు, ఒక తూము అంచు అనేక చిత్రములలో అనేక కోణముల నుండి కనబడును. మన రెండు కన్నులు ఒకే వస్తువును రెండు చోట్ల నుండి చూచుటచేత దూరము తెలియునట్లే, కంప్యూటరు ఆ చిత్రములన్నింటిని సరిపోల్చి, లాంబ్టను త్రిభుజముల వంటివే లక్షల కొలది త్రిభుజములను గణించి, ప్రతి బిందువు యొక్క స్థానమును, ఎత్తును రాబట్టును. అటుపై చిత్రముల వంకరలను సరిచేసి, అన్నింటిని కూర్చి, కొలబద్ద పెట్టి కొలువదగిన ఒకే పెద్ద చిత్రపటముగా తయారుచేయును.

చిత్రములో ఎంత చిన్న వస్తువు తెలియును? దీనికి సులభమైన లెక్క కలదు. కెమెరా లోపల వెలుతురును గ్రహించు ఒక్కొక్క గడి వెడల్పు 2.4 మైక్రానులు, కటకము యొక్క నాభ్యంతరము 8.8 మిల్లీమీటర్లు, ఎగురు ఎత్తు 120 మీటర్లు అనుకొందము. గడి వెడల్పును ఎత్తుచే గుణించి నాభ్యంతరముచే భాగించినచో సుమారు 3.3 సెంటీమీటర్లు వచ్చును. అనగా చిత్రములోని ఒక్కొక్క చుక్క నేలమీద మూడు వ్రేళ్ళకన్న తక్కువ వెడల్పును సూచించును. ఎత్తును సగమునకు దించినచో చుక్కయు సగమగును; కాని అంతే నేలను చిత్రించుటకు సాళ్ళు ఎక్కువై కాలమును, ఖర్చును పెరుగును.

అయితే చుక్క చిన్నదైనంత మాత్రమున కొలత సరియైనదని భావింపరాదు. పటము అందముగా ఉండి కూడ మొత్తముగా ప్రక్కకు జరిగియుండవచ్చును, లేదా మధ్యలో ఉబ్బియుండవచ్చును. దానిని నేలకు బిగించుటకు మేకులు కావలెను. కావున ఎగురుటకు ముందు సర్వేయర్లు నేలమీద అక్కడక్కడ నలుపు తెలుపు గుర్తులను పరచి, వాని స్థానమును రోవరు అను పరికరముతో కొలుతురు. మన చేతి ఫోనులోని జి.పి.ఎస్. కొన్ని మీటర్ల వరకు తప్పు చూపును. రోవరు అట్లు కాదు. స్థిరముగా ప్రతిష్ఠింపబడి ఎడతెగక ఉపగ్రహ సంకేతములను గ్రహించు కేంద్రముల నుండి దిద్దుబాటును అందుకొని, రెండు మూడు సెంటీమీటర్ల సూక్ష్మతతో స్థానమును చెప్పును. 1767లో స్థాపితమైన సర్వే ఆఫ్ ఇండియా సంస్థ సహకారముతో రీసర్వే కొరకు మన రాష్ట్రమున అట్టి కేంద్రములు నెలకొల్పబడినవి. మరియొక మాట. కొన్ని గుర్తులను పటము తయారుచేయుటకు వాడక విడిగా దాచియుంచి, పటము సిద్ధమైన పిదప వానితో సరిచూడవలెను. పరీక్షలో విద్యార్థికి ముందుగా ఇచ్చిన ప్రశ్నలనే మరల అడిగిన అది పరీక్ష కాదుగదా! డ్రోను పటము కొనువారు మొట్టమొదట అడుగవలసినది ఈ సరిచూచిన లెక్కనే.

ఎత్తు అను చిక్కు

మన డెల్టాకు అన్నింటికన్న ముఖ్యమైనది ఎత్తు. పర్వత ప్రాంతములో ఒక అడుగు తప్పు లెక్కలోనికి రాదు. సముద్రము వైపు కనబడని వాలుతో పరచుకొనియున్న మన నేలలో అడుగు తప్పు కాలువను చంపును. ఆర్థరు కాటను 1847లో మొదలిడిన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. దాని వలన సుమారు పది లక్షల ఎకరములకు నీరు ప్రాకుచున్నదనిన, ఆ ఘనత రాతికట్టడమునకు ఎంతయో, కాలువ గర్భము ఎచట ఎంత లోతుండవలెనో అంగుళములలో తేల్చిన లెవెలు పనికిని అంతయే.

ఇచట డ్రోనుకు రెండు చిక్కులు కలవు. మొదటిది, ఉపగ్రహములు చెప్పు ఎత్తు సముద్రమట్టము నుండి కాదు. భూమిని ఒక నున్నని గణిత గోళాకృతిగా భావించి, దాని ఉపరితలము నుండి చెప్పు ఎత్తది. మన తీరములో ఈ గణిత ఉపరితలమునకు, వాస్తవ సముద్రమట్టమునకు నడుమ పదుల మీటర్ల వ్యత్యాసము కలదు. పైగా అది ఊరూరికి కొంచెము కొంచెముగా మారును. నీరు గణితమును ఎరుగదు. అది భూమ్యాకర్షణను అనుసరించి పారును. కావున డ్రోను ఎత్తులను బెంచిమార్కు రాళ్ళతో ముడివేయక కాలువకు గాని, మురుగుకోడుకు గాని, కళాశాల ఆవరణలోని వాననీటి కాలువకు గాని వాడరాదు. రెండవది, చిత్రముల నుండి రాబట్టిన ఎత్తులో తప్పు, అడ్డపు కొలతలోని తప్పుకంటె సాధారణముగా ఒకటిన్నర నుండి మూడింతలు ఉండును.

దీని పర్యవసానము కొల్లేటి విషయమున స్పష్టమగును. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న కొల్లేరు సరస్సును 1999లో సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తు రేఖ వరకు పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. ఆ రేఖకు లోపలనున్న చేపల చెరువుల గట్లను 2006లో తెగగొట్టిరి. అనగా ఒక ఎత్తు రేఖ ఎన్నో కుటుంబముల జీవనోపాధిని నిర్ణయించినది. అట్టి చదును నేలలో మైలుకు అడుగు వాలు ఉన్నదనుకొందము. ఎత్తులో నాలుగు అంగుళములు, అనగా 10 సెంటీమీటర్లు, తప్పు వచ్చినచో రేఖ నేలమీద మైలులో మూడవవంతు జరిగిపోవును! డ్రోనుకు 10 సెంటీమీటర్లు చిన్న తప్పే. ఆ మైలులో మూడవవంతున చేను గలవానికి మాత్రము చిన్నది కాదు.

పోలవరము ముంపు విషయమును కూడ విద్యార్థులు తెలిసికొనదగును. ఆ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టము 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 మీటర్ల రేఖకు లోబడిన నివాసములకు పునరావాసము కల్పింపవలెనని నిర్ణయించిరి. తరువాత ఆకాశము నుండి లేసరు కిరణములను ప్రసరింపజేసి ఎత్తులను కొలుచు లైడారు పద్ధతిలో సర్వే జరుపగా, మరికొన్ని నివాసములు కూడ ఆ రేఖకు లోపల చేరినవి. కొలత మెరుగుపడుటచేత కొందరి పేర్లు జాబితాకెక్కినవన్నమాట. కొలత అనునది కాగితముపై గీత మాత్రమే కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలయునా?

డ్రోను కంటికి కనబడనివి

కెమెరా పైనుండి కనబడు దానినే చూచును. ఈ సామాన్య సత్యమును మరచుటచేతనే పెక్కు పొరపాట్లు జరుగుచున్నవి. కోనసీమ కొబ్బరితోటపై ఎగిరిన డ్రోనుకు కనబడునది మట్టల పందిరి. దాని క్రింది గట్టు కాదు. ఎదిగిన వరిచేనిపై ఎగిరిన అది వెన్నుల ఎత్తును చెప్పును గాని మడి ఎత్తును చెప్పజాలదు. కావున మన ప్రాంతమున సర్వేకు అనువైన కాలము కోతలైన పిమ్మట నేల బయటపడిన వేళ. తోటలలో లైడారు కొంత మేలు. దాని కిరణములలో కొన్ని ఆకుల సందుల నుండి దూరి నేలను తాకి మరలి వచ్చును. అయినను దట్టమైన తోటలో మనిషి రోవరు పట్టుకొని గట్టు వెంట నడువక తప్పదు.

భీమవరము ప్రాంతపు రొయ్యల చెరువులపై మరియొక ఇబ్బంది. నిశ్చలమైన నీటికి గుర్తు పట్టదగిన ముఖము లేదు. ఒక చిత్రములోని నీటిచుక్కను వేరొక చిత్రములో పోల్చుకొనుటకు వీలుపడదు. అందుచేత పటములో చెరువు నడిమి భాగము చిరిగిన గుడ్డవలె ఉండును. గోదావరి ఇసుక రేవులలోను అంతే. గట్టుమీద పోసిన ఇసుక గుట్టను డ్రోను కొలువగలదు. బురద నీటి అడుగున ఎంత త్రవ్విరో అది చెప్పజాలదు. అందుకు పడవపై నుండి శబ్ద తరంగములను పంపి లోతును కనుగొను పరికరము కావలెను.

అయితే లంక భూముల విషయమున డ్రోను చేయు మేలు చాల గొప్పది. వరద వచ్చినప్పుడు లంక యొక ప్రక్క కోసికొనిపోయి మరియొక ప్రక్క మేట వేయును. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చినది. అట్టి ప్రవాహము ముందు హద్దురాయి నిలుచునా? పాత పద్ధతిలో రాయి పోయిన హద్దు పోయినట్లే. ప్రక్క రాళ్ళ నుండి మరల గొలుసు పట్టవలెను, అవియు పోయిన వాదులాటయే మిగులును. ఉపగ్రహ స్థానములతో నమోదైన హద్దుకు రాయి పోయినను చెరుపు లేదు. ఆ స్థానమును రోవరుతో మరల వెదకి, రాతిని తిరిగి పాతవచ్చును. వరదకు ముందొక పటము, వెనుకనొక పటము ఉన్నచో ఎవరి నేల ఎంత కోతకు గురియైనదో చూపి నష్టపరిహారమును అడుగవచ్చును.

నిర్మాణములో ఉపయోగము

రోడ్డుకట్ట గాని, చెరువుగట్టు గాని వేయునప్పుడు మట్టిపనికి సొమ్ము ఘనపరిమాణమును బట్టి ఇత్తురు. పూర్వము మట్టి త్రవ్విన గుంతల నడుమ అక్కడక్కడ త్రవ్వకుండ దిమ్మెలను విడిచి, వాని ఎత్తును బట్టి ఎంత మట్టి తీసిరో లెక్కించెడివారు. కట్ట మీద కొంత దూరమునకు ఒక అడ్డకోత కొలిచి, రెండు కోతల నడుమ నేల ఒకే తీరున ఉన్నదని భావించి గుణించెడివారు. నడుమనున్న గుంతలు, మిట్టలు ఆ భావనలో కలసిపోయెడివి. డ్రోను పటములో ప్రతి జానెడు నేలకు ఎత్తు ఉండును గనుక పనికి ముందటి పటమును, వెనుకటి పటమును ఒకదానిలో నుండి ఒకటి తీసివేసిన మట్టి ఎంతయో తేలును.

ఇందులోను జాగ్రత్త కావలెను. ఒక ఎకరము, అనగా 4047 చదరపు మీటర్ల మెరకపనిలో ఎత్తు మొత్తముగా 5 సెంటీమీటర్లు తప్పినచో 202 ఘనపు మీటర్ల మట్టి లెక్క తప్పును. టిప్పరుకు 10 ఘనపు మీటర్ల చొప్పున అది ఇరువది టిప్పర్ల మట్టి. అది కంట్రాక్టరుకు అధికముగా ముట్టును, లేదా కూలికి తక్కువ పడును. ఏదియైనను ఒకరి సొత్తు మరియొకరికి పోయినట్లే.

జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ 2021లో తన పనులన్నింటిని నెలనెల డ్రోనుతో చిత్రీకరింపవలెనని నిబంధించినది. ఇట్టి చిత్రములు ఏ నెలలో ఎంత పని జరిగినదో చెప్పు సాక్ష్యములు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు మూడింటిని దాటవలసిన కోటిపల్లి–నర్సాపురము రైలుమార్గము వంటి పనులలో, ఏ తోటలోనుండి, ఏ ఇంటి ప్రక్కనుండి కట్ట పోవునో నేలమీద రాయి పాతక మునుపే పటము మీద చూడగలుగుట ఇంజనీర్లకే గాక నేల కోల్పోవువారికి కూడ ఉపకారము. వారు సకాలములో ప్రశ్నింపగలరు.

హద్దు చిత్రములో ఉండునా?

ఇప్పుడు మూలప్రశ్నకు వత్తము. డ్రోను గట్టును చూచును. గట్టును హద్దును ఒకటేనా? అన్నదమ్ములు పంచుకొని గట్టు వేయక దున్నుకొను చేనులో హద్దు ఉన్నది, గట్టు లేదు. ఒకని చేనులోనే నీరు పెట్టుటకు వేసిన గట్టు ఉన్నది, అది హద్దు కాదు. బలవంతుడు ఏటికొక జానెడు జరిపిన గట్టు కూడ చిత్రములో చక్కగానే కనబడును! నూరు మీటర్ల పొడవున గట్టు 10 సెంటీమీటర్లు జరిగినచో పోవునది 10 చదరపు మీటర్లు, అనగా పావు సెంటు, సుమారు 12 చదరపు గజములు. పొలములో పావు సెంటు స్వల్పమనిపించును. రాజమహేంద్రవరము వీధిలో దాని విలువ ఏమో చెప్పనక్కరలేదు. గట్టు ఎచట ఉన్నదో యంత్రము చెప్పును. ఎచట ఉండవలెనో చెప్పునవి దస్తావేజు, పాత కొలతల పుస్తకము, ఇరుగుపొరుగుల సాక్ష్యము.

రీసర్వే అనుభవము దీనినే నిరూపించినది. పాత సర్వే నంబర్లకు మారుగా ఎల్.పి.ఎం. అను భూభాగ పట సంఖ్యలు ఇచ్చిరి. విస్తీర్ణము తగ్గినదని పలువురు రైతులు ఫిర్యాదు చేసిరి. కొన్నిచోట్ల వేర్వేరు యజమానుల భూములకు ఉమ్మడిగా ఒకే సంఖ్య పడుటచేత చిక్కులు కలిగినవి. 2022 నాటి భూహక్కుల చట్టమును 2024లో శాసనసభ రద్దు చేసినది. మార్పులతో రీసర్వే 2025 ఆరంభమున మరల మొదలైనది. ఈ తగవులలో కెమెరా సూక్ష్మతను గూర్చినవి అరుదు. నోటీసు అందెనా, కొలుచునాడు ఇరువైపుల రైతులు గట్టుమీద ఉండిరా, వారి మాట వ్రాసికొనిరా అన్నవే అధికము.

పొలములకే గాక ఇండ్లకును ఇట్టి కొలత వచ్చినది. గ్రామకంఠములోని ఇండ్లస్థలములకు అనేకచోట్ల విడివిడి పటములు లేవు. తాతలనాటి ఇంట కాపురమున్నను బ్యాంకుకు చూపుటకు కాగితము లేనివారు ఎందరో. ఈ లోటును తీర్చుటకు కేంద్రప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించినది. ఇందులోను డ్రోనుదే ముఖ్యపాత్ర. అయితే ఇంటిపై ఎగురు కెమెరా పెరటిని, మేడను, స్త్రీలు పనిచేసికొను వాకిటిని కూడ చూచును. పరదా పాటించు ఇండ్లవారికే గాదు, ఎవరికైనను ఇది ఇబ్బందియే. ముందురోజు టముకు వేయించి, ఏ గంటకు ఎగురునో చెప్పి, ఎగురుట మర్యాద. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోను నియమముల ప్రకారము సాధారణ ప్రాంతములో 400 అడుగుల వరకు ఎగురవచ్చును. మధురపూడి వంటి విమానాశ్రయముల సమీపమున ముందుగా అనుమతి పొందక ఎగురరాదు. అదే సంవత్సరము ఫిబ్రవరిలో పటముల తయారీపై నున్న పాత ఆంక్షలను కేంద్రము సడలించుటచేత, మన దేశపు సంస్థలు, వ్యక్తులు ఈ విద్యలో ప్రవేశించుటకు ద్వారములు తెరువబడినవి.

మన కర్తవ్యము

కావున విద్యార్థినీ విద్యార్థులకు మేము చెప్పునది ఇది. గణితము, భూగోళము చదువువారు ఈ విద్యను నేర్చుకొనుడు. ఇందులో జీవనోపాధి కలదు. ఇతరులు సైతము తమ ఇంటి పొలము యొక్క పాత కొలతల పుస్తకపు నకలును, దస్తావేజును ఒకచోట చేర్చి, వానిలోని హద్దులను పెద్దలచే చెప్పించుకొనుడు. సర్వే నోటీసు వచ్చిననాడు చదువురాని తల్లిదండ్రులకు దానిని చదివి వినిపింపుడు. గట్టుమీద వారి ప్రక్కన నిలువుడు. ఇచ్చిన పటములో పేరు, సంఖ్య, విస్తీర్ణము సరిచూచి, తేడా ఉన్న గడువు దాటకముందే వ్రాతపూర్వకముగా అభ్యంతరము తెలుపుడు. గడువు దాటిన పిమ్మట సత్యము కూడ కోర్టు మెట్లు ఎక్కవలసివచ్చును.

కమిటీ వారికి కూడ ఒక విన్నపము. రైతు పొలమునకు రైతు ఉన్నాడు. పాఠశాల ఆవరణకు, ఖబరస్తానుకు, దేవాలయ మాన్యమునకు, చర్చి స్థలమునకు కొలతనాడు గట్టుమీద నిలుచు వారసుడెవరు? అందరి సొత్తు ఎవరిదియు కాదన్నట్లు జరిగిపోవును. అట్టి స్థలములకు బాధ్యులైనవారు ఆనాడు తప్పక హాజరై, మూలల స్థానములను అంకెలతో సహా తమ మినిట్సు పుస్తకములో ఎక్కించి, రాళ్ళను పాతించి భద్రపరుపవలెను. కొత్త గదులు కట్టించునప్పుడు పునాదులు, నీటిగొట్టములు, మురుగుకాలువలు పూడ్చకముందే పటము తీయించిన, రేపు మరమ్మతు చేయువారికి గోడలు పగులగొట్టు పని తప్పును.

త్రాడు పోయి వెదురు, వెదురు పోయి గొలుసు, గొలుసు పోయి డ్రోను వచ్చినది. మారుచున్న ప్రతి సాధనమును దానికి ముందటి దానికన్న సూక్ష్మమైనదే. కాని ఎన్ని సాధనములు మారినను అమీను అను మాటకు అర్థము మారలేదు. డ్రోను తెచ్చిన చిత్రమును దస్తావేజుతో, బెంచిమార్కుతో, పొరుగువాని మాటతో సరిచూచి సంతకము చేయు మనిషి నమ్మదగినవాడైననాడే ఆ కొలత హద్దగును. మన కళాశాల నుండి అట్టి అమీనులు బయలుదేరుదురు గాక!